టర్బోనా, ఇంజన్ మార్పా? పాత ఎస్టీమ్ విషయంలో అపోహలు - వాస్తవాలు

పాత మారుతి ఎస్టీమ్‌కి జోరు పెంచాలంటే ఎక్కువమంది అడిగేవి రెండే. ఉన్న 1.3 లీటర్ ఇంజన్‌కి టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజన్‌లోకి అదనపు గాలి నెట్టే పరికరం) బిగించడం, లేదా 1999లో వచ్చిన పాత బలేనో సెడాన్ 1.6 ఇంజన్ దించడం.

అపోహ: టర్బో కిట్ దొరికితే పని సగం అయిపోయినట్టే.
సగం కాదు, పావు కూడా కాదు. కంపెనీ మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనం కొలిచేది) బయటి గాలి పీడనం దాకే కొలుస్తుంది. బూస్ట్ (టర్బో నెట్టే అదనపు పీడనం) ఎక్కిన సంగతి ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి) తెలియదు కాబట్టి పెట్రోలు పెంచదు, టైమింగ్ (ప్లగ్గు నిప్పు రవ్వ పడే వేళ) తగ్గించదు. ఇంజన్ నాక్ అవుతుంది (లోపల పెట్రోలు అదుపు తప్పి పేలుతుంది), పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. 2 బార్ మ్యాప్ సెన్సర్, స్టాండలోన్ ఈసీయూ (మనమే సెట్ చేసుకునే విడి కంప్యూటర్), వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి-పెట్రోలు పాళ్లు కొలిచేది) తప్పనిసరి. 6 పీఎస్ఐ (పీడనం కొలత) బూస్ట్ దగ్గర 110 హార్స్‌పవర్ ఆశిస్తే, 85 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) లెక్కన ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి కనీసం 205 సీసీ పోయాలి. ఫుల్ బూస్ట్‌లో ఏఎఫ్ఆర్ (ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్ల గాలి) 11.5-12 మధ్య ఉంచండి. ప్లగ్గులు ఒక మెట్టు కోల్డ్‌వి (వేడిని త్వరగా వదిలేవి) వేసి గ్యాప్ 0.7 మి.మీ. పెట్టండి. వీటికి డబ్బు లేకపోతే టర్బో జోలికి పోవద్దు.

అపోహ: కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకి నొక్కుకుపోతుందో) 9.5 ఉంటే టర్బో పనికిరాదు.
ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది), 95 ఆక్టేన్ పెట్రోలు ఉంటే 5-6 పీఎస్ఐ తట్టుకుంటుంది. వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా పొగని పక్కకి వదిలే తలుపు) స్ప్రింగ్ మాత్రం 5 పీఎస్ఐదే కొనండి. 10 పీఎస్ఐ స్ప్రింగ్ వేసి బూస్ట్ కంట్రోలర్‌తో కిందికి దించుతామంటే కుదరదు, అది పెంచగలదు గానీ స్ప్రింగ్ కంటే తగ్గించలేదు.

అపోహ: నీలం పొగ వస్తే టర్బో సీల్ పోయినట్టే.
కొత్త టర్బో విప్పే ముందు ఆయిల్ తిరిగి సంపుకి (ఇంజన్ అడుగు ఆయిల్ తొట్టికి) దిగే పైపు చూడండి. అక్కడ ఒత్తిడి ఉండదు, ఆయిల్ తన బరువుతోనే జారాలి. పైపు లోపలి వ్యాసం 12 మి.మీ. కంటే తగ్గినా, మధ్యలో వంగి పైకి లేచినా, సంపులో ఆయిల్ మట్టం కంటే కింద కలిపినా ఆయిల్ టర్బోలోనే నిలిచి సీల్ దాటుతుంది. పీసీవీ వాల్వు (ఇంజన్ అడుగు ఆవిర్లని మళ్లీ గాలి దారిలోకి పంపేది) బూస్ట్‌ని వెనక్కి ఆపకపోతే క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ కింది గదిలో) ఒత్తిడి పెరిగి డిప్‌స్టిక్ పైకి తన్నుకొస్తుంది.

అపోహ: 85 (1.3) నుంచి 94 (1.6) హార్స్‌పవర్‌కి ఇంజన్ మార్చడం దండగ.
హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది. 1.3 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 75.5 మి.మీ., 1.6ది 90. ఇంజన్ పెద్దది కాబట్టి తక్కువ వేగంలోనే లాగుడు ఎక్కువ. బండి నిండా మనుషులతో ఘాట్ ఎక్కేటప్పుడు గేరు దించే అవసరం తగ్గుతుంది. రోజూ తిరిగే బండికైతే మా ఓటు దీనికే.

అపోహ: గేర్‌బాక్స్ బోల్టులు కలిస్తే ఇక పనేమీ లేదు.
రెండూ ఒకే కుటుంబం (సుజుకి జీ-సిరీస్) ఇంజన్లే, బోల్టులు కలుస్తాయి. కానీ 1.6 బ్లాక్ ఎత్తు ఎక్కువ, బానెట్‌కి తగులుతుందేమో ముందే చూసుకోవాలి. వైరింగ్ తెంచకుండా, ఈసీయూ, సెన్సర్లతో సహా దాత బండి (ఇంజన్ ఇచ్చే పాత బలేనో) నుంచే తీసుకోండి. 1.3 ఈసీయూతో 1.6 స్టార్ట్ అవుతుంది గానీ పెట్రోలు లెక్క తప్పుతుంది.

అపోహ: టర్బో పెడితే ఇంజన్ నంబర్ మారదు, చట్టం సమస్య లేదు.
ఇంజన్ మార్చేవాళ్లకి ఆర్టీఏ అనుమతి, ఆర్సీలో నమోదు కావాలి. అనుమతి లేని ఏ మార్పుకైనా మోటారు వాహనాల చట్టం 182ఏ(4) ప్రకారం ఒక్కో దానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బానెట్ ఎత్తగానే ఇన్సూరెన్స్ సర్వేయర్‌కి టర్బో కనిపించకుండా పోదు.

ఇక ఆటోనగర్‌లో పాత 1.6 బేరమాడేటప్పుడు "రన్నింగ్ కండిషన్" మాట పక్కన పెట్టి కంప్రెషన్ గేజ్ బిగించమనండి. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకి 1 కేజీ దాటితే ఎంత తగ్గించి చెప్పినా వద్దు.