నడినెత్తిన ఆగిపోయిన కన్ను

బల్లపరుపు చేపలన్నీ గుడ్డులోంచి వచ్చినప్పుడు మామూలు చేపపిల్లలే. నిటారుగా ఈదుతాయి, తలకు అటొకటి ఇటొకటి కన్ను. కొంతకాలానికి థైరాయిడ్ హార్మోన్ ప్రభావంతో తల ఎముకలు మెలితిరిగి, ఒక కన్ను నెత్తి మీదుగా రెండో పక్కకు జరుగుతుంది. అప్పటినుంచి కన్నులేని పక్కను ఇసుకకు ఆనించి బతుకుతాయి.

మన తూర్పు తీరంలో ట్రాల్ వలలకు చిక్కే ఇండియన్ హాలిబట్, శాస్త్రనామం సెట్టోడెస్ ఎరుమీ, ఈ దారిలో చివరిదాకా పోదు. జరిగే కన్ను తల పైఅంచుకు చేరి అక్కడే నిలిచిపోతుంది. ఎర్ర సముద్రం నుంచి జపాన్, ఆస్ట్రేలియా దాకా, దాదాపు 100 మీటర్ల లోతు వరకూ దొరికే ఈ చేప 60 సెంటీమీటర్లు దాటి పెరగగలదు.

గుర్తుపట్టాలంటే ముందు వీపు రెక్క మొదలు చూడాలి. మిగతా బల్లపరుపు చేపల్లో అది తల మీదికి, కంటిదాకా పాకుతుంది. దీనికి కళ్లకు బాగా వెనక మొదలవుతుంది. ముందు ఈనెలు గట్టి ముళ్లు, కాబట్టి పట్టుకునేటప్పుడు జాగ్రత్త. తర్వాత నోరు చూడండి: పెద్ద దవడలు, పొడవాటి వాడి పళ్లు, చిన్న చేపలను వేటాడే నోరు. కళ్లు ఏ పక్కన ఉన్నాయన్న గుర్తును మాత్రం నమ్మకూడదు. నాలుక చేపలకు కళ్లు ఎడమ పక్కన, సోల్ చేపలకు కుడి పక్కన ఉండటం మామూలు. ఇండియన్ హాలిబట్‌లో రెండు రకాలూ దొరుకుతాయి. ఆ తేడా చూసి రెండు జాతులనుకుంటే పొరపాటే. ఈ చేప అప్పుడప్పుడు నిటారుగానూ ఈదుతుంది.

సగం జరిగిన కన్ను వల్ల చేపకు లాభమేమిటని 1871లో జీవశాస్త్రవేత్త సెయింట్ జార్జ్ మివర్ట్, జీవులు చిన్న చిన్న మార్పులతో మారుతూ వస్తాయన్న డార్విన్ సిద్ధాంతాన్ని నిలదీశాడు. అది బలమైన ప్రశ్నే. ఎముకల సాక్ష్యం 2008లో దొరికింది. దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటి ఆంఫిస్టియం, హెటెరోనెక్టెస్ అనే పాతకాలపు బల్లపరుపు చేపల శిలాజాలను శిలాజ శాస్త్రవేత్త మాట్ ఫ్రీడ్‌మన్ పరిశీలిస్తే, పూర్తిగా ఎదిగిన చేపల్లోనే ఒక కంటిగుంట పైకి జరిగి ఉంది, కానీ నెత్తి దాటలేదు. మన హాలిబట్ కన్ను వాటికన్నా కాస్త ముందుకు పోయింది, అంతే.

అయినా దీని వంశం మీద తగాదా తెగలేదు. మిగతా బల్లపరుపు చేపలతో దీనికి దగ్గరి చుట్టరికం లేదని, కన్ను జరగడం రెండుసార్లు విడివిడిగా పుట్టిందని కొన్ని డీఎన్‌ఏ అధ్యయనాలు అంటున్నాయి. శిలాజాల్లోని ఆ నడిమి దశలు చూస్తే మాత్రం, ఒకే వంశమన్న వాదనే బలంగా కనిపిస్తుంది.