డిస్కెరిన్ వివాదం: 2003 నాటి ఎలుకల ప్రయోగం దగ్గరే అసలు మలుపు

డిస్కెరటోసిస్ కంజెనిటా అనే వంశపారంపర్య వ్యాధిలో ముందుగా దెబ్బతినేవి క్రోమోజోముల చివర్లను కాపాడే టెలోమేర్లా, ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములా అన్న పాత వాదన మళ్లీ రాజుకోవడానికి కారణం చికిత్స. టెలోమేర్లను పొడిగించే ఎంజైమైన టెలోమరేజ్‌లోని ఆర్‌ఎన్‌ఏ భాగమైన టీఈఆర్‌సీ నశించిపోకుండా చూసే చిన్న అణువులు, అంటే పీఏపీడీ5 అనే ఎంజైమును అడ్డుకునే పదార్థాలు, రోగుల మూలకణాల్లో టెలోమరేజ్‌ను పునరుద్ధరించగలవని 2020లో పరిశోధకులు చూపించారు. లోపమంతా టెలోమేర్లలోనే ఉంటే ఈ దారి సరిపోతుంది. రైబోజోముల్లోనూ ఉంటే, డిస్కెరిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే డీకేసీ1 జన్యువులో లోపంతో పుట్టిన పిల్లలకు ఇది సగం వైద్యమే అవుతుంది.

గోళ్లు పాడవడం, చర్మంపై వలలాంటి మచ్చలు, నోటిలో తెల్లని పొర, ఆపైన ఎముక మజ్జ వైఫల్యం ఈ వ్యాధి లక్షణాలు. 2009లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఈ రోగులకు క్యాన్సర్ ముప్పు సాధారణ జనాభాతో పోలిస్తే 11 రెట్లు. ఎక్స్ క్రోమోజోముపై ఉన్న డీకేసీ1 జన్యువులో లోపం ఉందని 1998లో కనుగొన్నప్పుడు, అది తయారుచేసే డిస్కెరిన్‌కు ఈస్ట్‌లోని దగ్గరి బంధువు రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను సవరించే ప్రోటీనే కనుక, దీన్ని రైబోజోముల వ్యాధిగానే భావించారు.

ఆ అభిప్రాయం ఎంతోకాలం నిలవలేదు. టీఈఆర్‌సీని స్థిరంగా ఉంచేది కూడా డిస్కెరినేనని, రోగుల కణాల్లో ఆ ఆర్‌ఎన్‌ఏ తగ్గి టెలోమేర్లు పొట్టిగా ఉన్నాయని 1999లో తేలింది. డిస్కెరిన్‌తో నిమిత్తం లేకుండా టీఈఆర్‌సీ జన్యువులోనే లోపం ఉన్న కుటుంబాల్లోనూ ఇదే వ్యాధి కనిపిస్తోందని 2001లో బయటపడింది. టెలోమేర్ పక్షానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం లేదు. దానితో చాలామంది వాదన ముగిసిందనుకున్నారు.

అది ముగియలేదని చూపినది 2003లో డేవిడె రుగ్గెరో, పియర్ పాఓలో పాండోల్ఫి బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన పని. ఇప్పటి వివాదం అర్థం కావాలంటే ఆ ప్రయోగం తీరును నిదానంగా చూడాలి. ప్రయోగశాల ఎలుకలకు మనుషులకన్నా చాలా పొడవైన టెలోమేర్లు ఉంటాయి. టెలోమరేజ్‌ను పూర్తిగా తీసేసినా తొలి తరం ఎలుకలు దాదాపు ఆరోగ్యంగానే ఉంటాయి, తరాలు గడిచేకొద్దీ టెలోమేర్లు అరిగి జబ్బు బయటపడుతుంది. అందుచేత డిస్కెరిన్ తగ్గించిన ఎలుకల్లో జబ్బుకు మూలం టెలోమేర్లే అయితే అది ఆలస్యంగా రావాలి. కానీ మొదటి, రెండవ తరాల్లోనే వాటిలో రక్తలోపాలు, కణితులు కనిపించాయి. టెలోమేర్లు పొట్టిబారడం ఆ తర్వాతి తరాల్లోగాని తెలియలేదు. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో సవరణలు మాత్రం జబ్బు మొదలవకముందే తగ్గిపోయాయి. ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నకు దీనికన్నా సూటైన జవాబును ఆ తర్వాత వచ్చిన ఏ ప్రయోగమూ ఇవ్వలేదని నా అభిప్రాయం.

ఇంతకీ ఆ సవరణ ఏమిటి? ఆర్‌ఎన్‌ఏ నిర్మాణ ఘటకాల్లో ఒకటైన యూరిడిన్‌లో చక్కెర భాగానికి అతుక్కుని ఉన్న క్షారాన్ని డిస్కెరిన్ విడదీసి, తిప్పి, మరో పరమాణువు దగ్గర మళ్లీ అతికిస్తుంది. దాని ఫలితమే సూడోయూరిడిన్. ఈ మార్పుతో హైడ్రోజన్ బంధానికి వీలిచ్చే ఒక కొత్త చోటు ఏర్పడి ఆర్‌ఎన్‌ఏ మడతలు గట్టిపడతాయి. మానవ రైబోజోములో ఇలాంటి చోట్లు సుమారు 100 ఉన్నాయి. వీటిలో కొన్ని తగ్గినా రైబోజోము ఆగిపోదు, కానీ ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ సందేశాల్లో కొన్నిటిని సరిగా చదవలేకపోతుంది. 2006లో రైబోజోమ్ పక్షంవారే ఎలుకల కణాల్లోనూ రోగుల కణాల్లోనూ పి27 వంటి కణవిభజనను అదుపుచేసే ప్రోటీన్ల అనువాదం, అంటే ఆ సందేశాలను చదివి వాటిని తయారుచేయడం, తగ్గిందని చూపి, క్యాన్సర్‌తో ఉన్న లంకెను వివరించారు.

అదే ఏడాది టెలోమేర్ పక్షం, రోగుల కణాల్లో టీఈఆర్‌సీని పెంచితే చాలు టెలోమేర్లు నిలదొక్కుకుంటాయని నిరూపించింది. ఆ ఫలితాన్ని కాదనలేం. అయితే అది టెలోమేర్ల గురించి చెప్పిందే తప్ప, ఆ కణాల్లోని రైబోజోములు అన్ని సందేశాలనూ సరిగానే చదువుతున్నాయా అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. పి27 తరహా అనువాదాన్ని కొలిచే పద్ధతులపై వచ్చిన విమర్శల్లోనూ కొంత న్యాయం ఉంది.

వాదన ఇన్నేళ్లు సాగడానికి కొలతల ఇబ్బంది కూడా ఒక కారణం. యూరిడిన్, సూడోయూరిడిన్‌ల ద్రవ్యరాశి ఒకటే కావడంతో మాస్ స్పెక్ట్రోమీటర్ వాటిని నేరుగా వేరుచేయలేదు. మానవ రైబోజోములోని సవరణలన్నిటి పటం 2018లోగాని సిద్ధం కాలేదు. ఆ తర్వాత రైబోజోమ్ పక్షానికి ఊతం పెరిగింది. డీకేసీ1లోగాని, డిస్కెరిన్‌తో కలిసి పనిచేసే ప్రోటీన్‌ను తయారుచేసే ఎన్‌ఓపీ10 జన్యువులోగాని మార్పుల వల్ల మూత్రపిండాల వ్యాధి, కంటిశుక్లం, వినికిడి లోపం, పేగువాపు కలిసి వచ్చిన పిల్లలను వర్ణించిన 2020 నాటి పరిశోధన, దానికి మూలం సూడోయూరిడిన్ లోపమేనని తేల్చింది. అదే ఏడాది మరో బృందం, రైబోజోములోని 1248వ స్థానంలో ఉండే ఒక సంక్లిష్ట సవరణ పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో గణనీయమైన భాగంలో తగ్గిపోయిందని చూపింది. ఆ సవరణకు అవసరమైన ఈఎంజీ1 ఎంజైము జన్యువు చెడితే బోవెన్-కాన్‌రాడి సిండ్రోమ్ వస్తుందని, ఆ శిశువులు చాలావరకు తొలి ఏడాదిలోనే చనిపోతారని 2009 నుంచే తెలుసు. అయితే ఈఎంజీ1కు రైబోజోము నిర్మాణంలోనూ పాత్ర ఉంది కనుక, ఆ మరణాలకు సవరణ లోపమే పూర్తి కారణమని చెప్పలేం.

కాబట్టి కొత్త మందులను డీకేసీ1 రోగుల్లో పరీక్షించేవారు టెలోమేర్ పొడవుతో సరిపెట్టుకోకుండా, అవే నమూనాల్లో రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ సూడోయూరిడిన్ స్థాయిని కూడా కొలవాలి. టీఈఆర్‌సీ జన్యులోపం ఉన్న రోగులతో వారి ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి వర్గంలో టెలోమేర్లు సరైన తర్వాత కూడా మజ్జ కోలుకోకపోతే, 2003లో ఎలుకల్లో కనిపించినది మనుషుల్లోనూ నిజమేనని ఒప్పుకోవాల్సి ఉంటుంది.