టైగరు బొంత

చిన్నీ, బుజ్జీ,

మన కుక్క టైగరు బొమ్మతో బొంత కుడతామన్నారు, సరే. గోడకు తగిలించేది కాబట్టి రెండడుగుల వెడల్పు, రెండున్నర పొడవు చాలు. అంతకు మించితే సగంలో వదిలేస్తారు, మీ సంగతి నాకు తెలీదా!

ఫోటోకి పోజిచ్చి కూర్చున్నది వద్దు. అలా ఏ కుక్కైనా కూర్చుంటుంది. కాలవ రేవు మెట్ల మీద ఎడమ చెవి మడుచుకుని తాతయ్య సైకిలు కోసం చూసేదే, అది తీసుకోండి. అమెరికాలో హారియెట్ పవర్స్ అని, బానిసగా పుట్టినావిడ, 1886 ప్రాంతంలో బైబిలు కథలు కొన్ని గుడ్డముక్కలతో బొంత మీద కుట్టింది. అందులో మనుషులూ జంతువులూ ఉత్త నీడల్లా ఉంటాయి. అయినా ఎవరు ఏం చేస్తున్నారో తెలుస్తుంది.

ఫోనులో ఫోటోని నలుపు తెలుపు చేసి చూడండి. వెలుగు, మధ్యరకం, నీడ విడివిడిగా తెలుస్తాయి. వెలుగుకి తాతయ్య ఖద్దరు చొక్కా, మధ్యకి నా బండారులంక తేనెరంగు చీర, నీడకి మీ అమ్మ పాత ముదురు లంగా. రంగు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, వెలుగునీడలు తప్పితే కుక్క కాస్తా మూటలా కనిపిస్తుంది. కొత్త గుడ్డ వాడితే ముందే తడిపి ఆరేయండి, కుంచించుకుపోతుంది.

ఒక్కో ముక్క ఆకారం గుడ్డ మీద గీసుకుని, గీత మీద పావంగుళం ఎక్కువ వదిలి కత్తిరించి, అంచు లోపలికి మడిచి కుట్టాలి. వెనకున్నవి ముందు: నీళ్లు, మెట్లు, తోక, ఒళ్లు, తల, ఆఖర్న ముక్కు. నీళ్ల పక్కన కొంగకి నరసాపురం లేసు ముక్క ఇస్తాను.

చిన్నప్పుడు మా ఎర్రావుని కుట్టాను. కాగితం తిరగేసి గీసుకున్నానని చూసుకోలేదు. విరిగిన ఎడమ కొమ్ము కుడివైపుకొచ్చింది. మా అమ్మ చూసి, "ఎవరి ఆవే ఇది?" అంది. చెవి జాగ్రత్త!

తర్వాత మధ్యలో పాత దుప్పటి, అడుగున పంచె పరిచి మూడూ కలిపి కుట్టండి. దువ్వెన ఎటు పోయేదో సూదీ అటే పోవాలి, అప్పుడే బొచ్చులా ఉంటుంది. కంటికి నల్లగుడ్డ, దాని మీద ఎండ పడే వైపు తెల్లదారంతో ఒకే ఒక్క కుట్టు. అది నేనొచ్చాక వేద్దాం.

టైగరు మెడగంట నా ట్రంకుపెట్టెలో ఉంది. బొంతకి ఎక్కడ కుట్టమంటారో రాయండి.

మీ అమ్మమ్మ