పరమాణు భారాన్ని రౌండ్ చేస్తే ద్రవ్యరాశి సంఖ్య వచ్చేస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. ఈ పాఠంలో కనిపించే తప్పులు చాలావరకు ఒకే అలవాటు నుంచి పుడతాయి. పట్టికలో దశాంశం కనిపిస్తే చాలు, దగ్గరి పూర్ణాంకానికి రౌండ్ చేసేస్తారు.

అపోహ: ఆవర్తన పట్టికలో మూలకం గుర్తు కింద ఉండే అంకె ద్రవ్యరాశి సంఖ్య.

వాస్తవం: అది పరమాణు భారం. ద్రవ్యరాశి సంఖ్య ఒక్కో పరమాణువుకు చెందినది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి లెక్కపెడితే వస్తుంది కాబట్టి ఎప్పుడూ పూర్ణాంకమే. పరమాణు భారం మాత్రం ప్రకృతిలో దొరికే ఐసోటోపుల (ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరుగా ఉండే పరమాణువుల) ద్రవ్యరాశులకు, వాటి పాళ్లను బట్టి కట్టిన సగటు. మన చెనక్కాయల్లో రెండు గింజలవీ మూడు గింజలవీ ఉంటాయి. గంపెడు కాయలు ఒలిచి సగటు 2.3 అని తేల్చినా, 2.3 గింజల కాయ ఎక్కడా దొరకదు.

అపోహ: రౌండ్ చేస్తే ఎక్కువగా దొరికే ఐసోటోప్ ద్రవ్యరాశి సంఖ్య వస్తుంది.

వాస్తవం: ఫ్లోరిన్, సోడియం, అల్యూమినియం దగ్గర వస్తుంది. వాటికి ప్రకృతిలో ఒక్క ఐసోటోపే ఉంది మరి. మొదట నేర్చుకునేవి అవే కావడంతో అలవాటు అక్కడే పడిపోతుంది. రాగి దగ్గరకు రండి. పరమాణు భారం 63.546. పిల్లలు 64 అనుకుని, అందులోంచి ప్రోటాన్ల సంఖ్య 29 తీసేసి, 35 న్యూట్రాన్లు అని రాస్తారు. ఇంట్లో కరెంటు వైరులోని రాగిలో 35 న్యూట్రాన్ల పరమాణువే ఉండదు. దాదాపు 69 శాతం రాగి-63, మిగతాది రాగి-65. అంటే 34 న్యూట్రాన్లు, లేదా 36. రాగి-64ను మనిషి తయారు చేయాల్సిందే. చేసినా పన్నెండున్నర గంటలు దాటగానే అందులో సగం తరిగిపోతుంది.

బేరియం ఇంకా చిత్రం. మంగంపేట ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటే. బేరియం పరమాణు భారం 137.33, రౌండ్ చేస్తే 137. బేరియం-137 ఉండేది 11 శాతం చిల్లర. దాదాపు 72 శాతం బేరియం-138. సగటును కిందికి లాగుతున్నవి 130 నుంచి 137 వరకు ఉన్న మిగతా ఆరు ఐసోటోపులు.

అపోహ: ఐసోటోప్ ఒక్కటే ఉంటే పరమాణు భారం, ద్రవ్యరాశి సంఖ్య సమానం.

వాస్తవం: సోడియం 22.990, సరిగ్గా 23 కాదు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కేంద్రకంలో కట్టుబడినప్పుడు కొంత ద్రవ్యరాశి బంధన శక్తిగా పోతుంది. కార్బన్-12 ఒక్కటే సరిగ్గా 12. 1961 నుంచి దాన్నే కొలమానంగా పెట్టుకున్నాం కాబట్టి అలా ఉంటుంది.

అపోహ: పరమాణు భారం ఎక్కడైనా మారని స్థిరాంకం.

వాస్తవం: సీసం దీన్ని ఒప్పుకోదు. యురేనియం-238 క్షీణిస్తూ చివరకు సీసం-206 అవుతుంది, థోరియం-232 సీసం-208 అవుతుంది. అందుకే యురేనియం ఖనిజాల్లో పుట్టిన సీసం మామూలు సీసం కన్నా కాస్త తేలిక. అమెరికా రసాయన శాస్త్రవేత్త థియోడర్ రిచర్డ్స్ 1914లోనే దీన్ని తూచి చూపించాడు. తుమ్మలపల్లె యురేనియం గురించి ఇక్కడి పిల్లలకు చెప్పక్కర్లేదు గానీ, ఈ సీసం సంగతి చెబితే మాత్రం నమ్మరు. లెక్కలు చేసేటప్పుడు సీసానికి 207.2 వేసుకోండి, ఇబ్బంది లేదు. న్యూట్రాన్లు అడిగితే మాత్రం ఏ ఐసోటోపో ప్రశ్నలో ఇచ్చారా లేదా ముందు చూసుకోండి.