హైస్కూల్ బేస్‌బాల్ డ్రాఫ్ట్: స్టాండ్స్‌లో వినబడే అపోహలు, స్కౌట్ రాసుకునే వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల హైస్కూల్ ఆటగాళ్లను చూసి, ఒక మేజర్ లీగ్ (అమెరికాలో అత్యున్నత వృత్తి బేస్‌బాల్) క్లబ్బు ఏరియా స్కౌట్‌కు, అంటే ఈ ప్రాంతంలో ఆటగాళ్లను వెతికే మనిషికి, నివేదికలు పంపడం నా పని. ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్ మైదానాల్లో ఇప్పుడు తెలుగు తల్లిదండ్రులు కూడా కనబడుతున్నారు. డ్రాఫ్ట్ గురించి, అంటే క్లబ్బులు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి గురించి, వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు విన్నాక ఇది రాయాలనిపించింది.

ముందుగా ఒక సంగతి. మా నివేదికలో ప్రతి నైపుణ్యానికీ రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఇవాళ ఉన్న స్థాయి, రెండోది కుర్రవాడు పూర్తిగా ఎదిగాక చేరుకుంటాడని మేము నమ్మే స్థాయి. కొలత 20 నుంచి 80 వరకు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. పదహారేళ్ల పిల్లవాడికి మొదటి అంకె 30 పడటం మామూలే, అది చూసి ఎవరూ బెంగ పడరు. మేము వాదించుకునేదంతా రెండో అంకె గురించే. స్టాండ్స్‌లో వినబడే అపోహలు చాలావరకు మొదటి అంకెనే అంతా అనుకోవడం వల్ల పుట్టినవి.

అపోహ: ఫాస్ట్‌బాల్ (పూర్తి వేగంతో విసిరే బంతి) గంటకు 95 మైళ్లు దాటితే డ్రాఫ్ట్ ఖాయం.

వాస్తవం: వేగం చూస్తాం, రాడార్ గన్ లేకుండా మైదానానికి వెళ్లం. కానీ షోకేస్‌లో (స్కౌట్ల ముందు ఆట చూపించుకునే కార్యక్రమంలో) ఒకే ఒక్క ఇన్నింగ్స్ వేస్తూ, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరిన 95 వేరు. శుక్రవారం రాత్రి స్కూలు ఆటలో, అయిదో ఇన్నింగ్స్‌లో, బేస్‌ల మీద ఇద్దరు ఉండగా నిలబెట్టుకున్న 91 వేరు. నాకు ఆ 91 ఎక్కువ చెబుతుంది. చేయి ఏ దారిన వస్తోంది, ప్రతి బంతీ ఒకే చోట నుంచి వదులుతున్నాడా, ఫాస్ట్‌బాల్ కాకుండా నమ్మకంగా వేయగల స్లైడర్ (పక్కకు జారే బంతి) గానీ చేంజప్ (వేగం తగ్గించి విసిరే బంతి) గానీ ఉందా, ఇంకా సన్నగా ఉన్న ఆ ఒంటికి కండ పట్టే చోటు ఎంత ఉంది అన్నవి చూసి రెండో అంకె వేస్తాం.

క్లబ్బులకు ఈ విషయంలో భయం ఊరికే రాలేదు. 1965లో మొదలైన డ్రాఫ్ట్‌లో 2025 వరకు ఒక్క హైస్కూల్ కుడిచేతి పిచర్‌ను (బంతి విసిరే ఆటగాణ్ని) కూడా మొట్టమొదటి ఎంపికగా తీసుకోలేదు. ఎడమచేతివాళ్లు ముగ్గురున్నారు: 1973లో డేవిడ్ క్లైడ్, 1991లో బ్రియెన్ టేలర్, 2014లో బ్రేడీ ఎయికెన్. టేలర్, ఎయికెన్ మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. క్లైడ్ హ్యూస్టన్ కుర్రవాడు. స్కూలు ముగిసిన కొద్ది వారాల్లోనే టెక్సస్ రేంజర్స్ అతన్ని నేరుగా మేజర్ లీగ్‌లో దింపింది. 1979 తర్వాత అక్కడ మళ్లీ కనబడలేదు.

అందుకే తల్లిదండ్రులను బతిమాలుతున్నాను. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి రూపొందించిన పిచ్ స్మార్ట్ సూచనలు చదవండి. 17-18 ఏళ్లవారికి రోజుకు 105 బంతులే పరిమితి. 80 బంతులు దాటితే కనీసం నాలుగు రోజుల విశ్రాంతి ఇవ్వాలి. ఏడాదిలో నాలుగు నెలలు పోటీ పిచింగ్ మానాలి. శనివారం స్కూలు జట్టుకు, ఆదివారం టోర్నమెంటు జట్టుకు ఒకే పిల్లవాడు పిచింగ్ చేయడం చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. ఇద్దరు కోచ్‌లూ ఎవరి లెక్క వారు వేసుకుంటారు. రెండు లెక్కలూ కలిపి రాసేది ఇంట్లో మీరే.

అపోహ: స్కూల్లో బ్యాటింగ్ సగటు .500 (రెండుసార్లలో ఒకసారి బంతి కొట్టి బేస్ చేరడం) ఉంటే స్కౌట్లు వాళ్లే వస్తారు.

వాస్తవం: ఎదుటి పిచర్ 78 మైళ్లతో వేస్తుంటే, చేతిలో మెటల్ బ్యాటు ఉంటే, ఆ సగటు మాకు పెద్దగా ఏమీ చెప్పదు. వేసవిలో ఏరియా కోడ్ గేమ్స్ వంటి చోట, చెక్క బ్యాటుతో, తన వయసులో మేటి పిచర్ల ముందు నిలిచినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. అక్కడ కొట్టిన బంతుల కన్నా వదిలేసిన బంతులను జాగ్రత్తగా చూస్తాను. బయటికి జారే స్లైడర్‌ను చివరి క్షణంలో ఆగి వదిలే కుర్రవాడు నాలుగుసార్లు అవుటైనా అతని పేరు నా పుస్తకంలోకి ఎక్కుతుంది.

అపోహ: ముందు రౌండ్‌లో పిలిస్తే గొప్పవాడు, చివరి రౌండ్‌లో పిలిస్తే అంతంతమాత్రం.

వాస్తవం: మనవాళ్లు ఐపీఎల్ వేలాన్ని మనసులో పెట్టుకుని చూడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇక్కడ పాట ఉండదు. క్లబ్బులు వంతులవారీగా పేర్లు పిలుస్తాయి, పిలిచిన క్లబ్బుతోనే ఆటగాడు బేరం చేయాలి. ఇప్పుడు 20 రౌండ్లు. మొదటి పది రౌండ్లలో ప్రతి ఎంపికకూ ఒక నిర్ణీత విలువ ఉంటుంది, వాటి మొత్తమే సంతకం చేసే ఆటగాళ్లకు ఇవ్వడానికి ఆ క్లబ్బుకున్న బోనస్ నిధి. దాన్ని 5 శాతం మించి దాటితే మరుసటి ఏడాది మొదటి రౌండ్ ఎంపిక పోతుంది. 11వ రౌండ్ నుంచి ఒక్కో ఆటగాడి బోనస్‌లో లక్షన్నర డాలర్లు దాటిన భాగమే ఆ నిధిలోంచి తగ్గుతుంది. కాబట్టి పేరు పిలిచే ముందే ఎంతకు సంతకం చేస్తాడో క్లబ్బుకు తెలిసి ఉండాలి. అది కనుక్కోవడం ఏరియా స్కౌట్ పనుల్లో పెద్దది.

కుమార్ రాకర్‌ను చూడండి. తల్లి వైపు నుంచి భారతీయ మూలాలున్న పిచర్, జార్జియాలో చదివాడు. 2018లో హైస్కూల్ నుంచి వచ్చినప్పుడు కొలరాడో రాకీస్ అతన్ని పిలిచింది 38వ రౌండ్‌లో. ప్రతిభ చాలక కాదు, అతను వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోతాడని అందరికీ తెలుసు కాబట్టి. మరుసటి ఏడాది డ్యూక్ జట్టు మీద 19 మందిని స్ట్రైకవుట్ చేసి, ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో ఎంపికగా తీసుకుంది గానీ, వైద్య పరీక్ష తర్వాత ఒప్పందం కుదరలేదు. 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకుంది. 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో తొలి ఆట ఆడాడు. 38, 10, 3: మూడు అంకెలూ ఒకే కుర్రవాడివి.

అపోహ: పదిహేనేళ్లకే జాబితాలో పేరుంటే దారి పడినట్టే. పిల్లవాణ్ని ఒక ఏడాది వెనక్కి చదివిస్తే ఇంకా మంచిది.

వాస్తవం: రాబోయే సంవత్సరాల డ్రాఫ్ట్‌ల కోసం ఇప్పటినుంచే పేర్లు రాసుకుంటాం, నిజమే. ఆ జాబితాకు అర్థం 'మళ్లీ వచ్చి చూడాలి' అని మాత్రమే. రెండేళ్లలో కొందరు ఆరంగుళాలు పెరుగుతారు, కొందరు అక్కడే ఆగిపోతారు.

వెనక్కి చదివించడం గురించి గట్టిగానే చెబుతాను. తోటివాళ్ల కన్నా ఏడాది పెద్దయితే స్కూలు ఆటలో మెరవచ్చు, కానీ పుట్టిన తేదీ మా నివేదికలో పేరు పక్కనే ఉంటుంది. పంతొమ్మిదేళ్లకు కొట్టే దూరం పదిహేడేళ్లకే కొట్టేవాడికి రెండో అంకె ఎక్కువ పడుతుంది. మైక్ ట్రౌట్‌ను 2009లో 25వ ఎంపికగా తీసుకున్నప్పుడు అతనికి 17 ఏళ్లే. 2025లో మొదటి ఎంపిక అయిన ఓక్లహోమా షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) ఈలై విలిట్స్‌కు కూడా 17 ఏళ్లే. మా ప్రాంతపు కాలీవిల్ కుర్రవాడు బాబీ విట్ జూనియర్ 2019లో పంతొమ్మిదికి దగ్గరపడి కూడా రెండో ఎంపిక అయ్యాడు. అంత ఆట ఉంటే వయసు అడ్డం కాదు, కానీ వయసే ఆట తెచ్చిపెట్టదు.

అపోహ: వేల డాలర్లు పోసి ప్రతి షోకేస్‌కూ తిప్పకపోతే ఎవరూ చూడరు.

వాస్తవం: మాకు ముఖ్యమైన వేసవి ఆటలకు ఆహ్వానం మీదే వెళ్తారు, పేర్లు సూచించేవాళ్లలో స్కౌట్లే ఎక్కువ. స్కూలు కోచ్ ఒక్క ఫోన్ చేస్తే ఆట చూడటానికి ఎవరో ఒకరు వస్తారు. ఆ డబ్బు దాచుకోండి.

అపోహ: డ్రాఫ్ట్ అయితే డబ్బుకు కొదవ ఉండదు, చదువు మాత్రం అటకెక్కుతుంది.

వాస్తవం: రెండూ తప్పే. 2023 మైనర్ లీగ్ (మేజర్ లీగ్ కింది స్థాయి జట్ల) ఒప్పందంలో కనీస వేతనం అట్టడుగు స్థాయిలో ఏడాదికి 19,800 డాలర్లు, మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కిందున్న ట్రిపుల్-ఏ స్థాయిలో 35,800. చిన్న బోనస్‌తో చేరేవాడికి చాలా ఏళ్లు ఇదే బతుకు. సంతకం చేయకుండా నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది ముగిసేదాకా లేదా 21 ఏళ్లు వచ్చేదాకా మళ్లీ డ్రాఫ్ట్‌కు అర్హత ఉండదు. జూనియర్ కాలేజీకి (ఇక్కడ హైస్కూల్ తర్వాత చదివే రెండేళ్ల కాలేజీ) ఆ నిబంధన లేదు. ఈ లెక్కలన్నీ ఇప్పటి ఒప్పందం ప్రకారం చెబుతున్నవి. మేజర్ లీగ్ ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది కాబట్టి తర్వాతి డ్రాఫ్ట్‌లకు నియమాలు మారవచ్చు.

చదువు సంగతికొస్తే, క్లబ్బులు కాలేజీ ఖర్చు భరించే ఏర్పాటు ఒకటి ఉంది. ఆట మానేసిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టాలి. ఎన్ని సెమిస్టర్లు, ఒక్కోదానికి ఎంత అన్నది మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి. బోనస్ అంకె చూసిన సంతోషంలో చాలా కుటుంబాలు ఈ పేజీని గబగబా తిప్పేస్తాయి. సంతకానికి ముందు రోజు రాత్రి ఆ పేజీ ఒక్కటి తీరిగ్గా కూర్చుని చదవండి.