పిల్లలకు ఉత్తరం: మడగాస్కర్ నుంచి వచ్చిన బిళ్ళగన్నేరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మన పెరటి గోడ వారన, ఎవరూ నీళ్లు పోయకపోయినా ఏడాది పొడవునా పూసే బిళ్ళగన్నేరు ఆఫ్రికా తూర్పు తీరానికి అవతల, హిందూ మహాసముద్రంలో ఉన్న మడగాస్కర్ దీవికి చెందినది. దాని ప్రజాతిలోని, అంటే దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపులోని, ఎనిమిది జాతుల్లో ఏడు ఆ దీవివే. మిగిలిన ఒక్కటీ మన దేశంలోనూ శ్రీలంకలోనూ సహజంగా పెరుగుతుంది. ఒక ఆకు తుంచి చూడండి. నున్నగా మెరిసే ఆకు మధ్యలో తెల్లని ఈనె కనిపిస్తుంది, తుంచిన చోట పాలు ఊరతాయి. నోట మాత్రం పెట్టకండి, అది మహా చేదు. మేకలు సైతం సాధారణంగా దాని జోలికి పోవు. పురుగుల నుంచీ పశువుల నుంచీ తనను కాపాడుకోవడానికి ఆ మొక్క తయారుచేసుకునే ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు వందకు పైగా ఉన్నాయి. మనుషులకు పనికివచ్చిన మందు వాటిలోనే దొరికింది.

మొక్క పాకిన చాలా దేశాల్లో నాటువైద్యులు దానిని వాడారు. జమైకాలో మధుమేహానికి ఆకుల కషాయం తాగేవారు. 1952లో అక్కడి నుంచి కొన్ని ఆకులు కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే వైద్యునికి చేరగా, ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు అందజేశారు. ఆకుల సారాన్ని ఎలుకలకు తాగించినప్పుడు రక్తంలో చక్కెర పెద్దగా తగ్గలేదు; సూదిమందుగా ఎక్కించినప్పుడు మాత్రం అవి కొద్దిరోజుల్లోనే సూక్ష్మజీవుల బారిన పడి చనిపోయాయి. కారణం వెతికితే వాటి తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే రక్తక్యాన్సరుకు ఇదే మందు కావచ్చునని రాబర్ట్ నోబుల్, రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్ గ్రహించి, 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే మందును వేరుచేశారు. అనుకున్న ఫలితం రాలేదని ఆ ఎలుకలను పారేసి ఊరుకోకపోవడమే వారి గొప్పతనమని నేను భావిస్తాను. అదే మొక్క నుంచి అమెరికాలో ఎలై లిల్లీ సంస్థ పరిశోధకులు వేరుచేసిన విన్‌క్రిస్టిన్ అనే మరో మందుకు 1963లో అనుమతి లభించింది.

కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరో వైపుకు లాగే సన్నని గొట్టాలు ట్యూబ్యులిన్ అనే ప్రోటీనుతో కట్టుకుంటాయి. ఈ మందులు ఆ ప్రోటీనును పట్టుకొని గొట్టాలు కట్టుకోకుండా ఆపుతాయి కనుక, వేగంగా విడిపోయే క్యాన్సరు కణాలు మధ్యలోనే ఆగి చనిపోతాయి. మీ వయసు పిల్లలకు వచ్చే ఒక రకం రక్తక్యాన్సరులో, 1960ల తొలినాళ్లలో చాలా కొద్దిమందే బతికేవారు. విన్‌క్రిస్టిన్‌ను ఇతర మందులతో కలిపి వాడుతున్న నేడు, మంచి వైద్యం అందిన చోట పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది కోలుకుంటున్నారు. అయితే నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, మలబద్ధకం వంటి బాధలు కూడా ఈ మందుతో ఉంటాయి.

ఒక లెక్క చెబుతాను. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి సుమారు 2,000 కిలోల ఎండుటాకులు కావాలి. ఒకసారి ఇచ్చే మోతాదు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటదు, అంటే దాదాపు నాలుగు కిలోల ఎండుటాకుల సారమన్నమాట. దానిని కూడా వైద్యులు నేరుగా రక్తనాళంలోకే ఎక్కిస్తారు. అందుచేత షుగరు తగ్గుతుందని పొద్దున్నే నాలుగు ఆకులు నమలడానికీ, ఆసుపత్రిలో ఇచ్చే ఈ మందుకూ పొంతన లేదు. నమిలిన ఆకులో ఏ ఆల్కలాయిడ్ ఎంత ఉందో ఎవరూ కొలవలేరు, వాటిలో విషపూరితమైనవీ ఉన్నాయి. ఇంట్లో పెద్దవారెవరైనా అలా నములుతుంటే, మందులు మానవద్దనీ, ముందు డాక్టరుగారిని అడగమనీ మర్యాదగా చెప్పండి.

ఈ మందులు అమ్మి కంపెనీలు లాభాలు గడించినా, మొక్కకు పుట్టినిల్లయిన మడగాస్కర్‌కు అందులో చెప్పుకోదగ్గ వాటా దక్కలేదు. ఇది నన్ను నిజంగా బాధించే విషయం. ఒక దేశపు మొక్కల నుంచి వచ్చే లాభంలో ఆ దేశానికి న్యాయమైన భాగం ఇవ్వాలన్న నియమం 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందంతో గానీ ప్రపంచానికి రాలేదు. 2010లో నగోయా ఒప్పందం దానికి విధివిధానాలను ఏర్పరచింది. అప్పటికి విన్‌క్రిస్టిన్ వాడుకలోకి వచ్చి నలభై ఏళ్లు దాటిపోయింది.

ఇట్లు,
మీ తాతయ్య