బుడమేరు పొంగిన రోజు, ఉపగ్రహం కొలిచే వాన

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి, మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద దిగువకు పోయింది. ఆ వానలకు కారణమై, కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం సముద్రం మీద ఉన్నప్పటి నుంచే ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తూనే ఉంది. వాయుగుండం జాడ తెలిసినంత స్పష్టంగా, ఒక వాగు మీద కురిసే వాన లెక్క ముందుగా ఎందుకు తెలియదన్న ప్రశ్నకు జవాబు ఉపగ్రహాలతో వానను కొలిచిన చరిత్రలోనే ఉంది.

తొలి వాతావరణ ఉపగ్రహం టైరోస్-1ను అమెరికా 1960 ఏప్రిల్ 1న ప్రయోగించింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టనపెట్టుకున్న నాటికి మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1983లో కక్ష్యలోకి చేరిన ఇన్సాట్-1బీతో ఆ లోటు తీరింది.

అయితే మబ్బును చూడటం వేరు, వానను కొలవడం వేరు. భూస్థిర కక్ష్యలో, అంటే భూమితోపాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోటికి పైన ఉండే ఉపగ్రహం, కంటికి కనిపించని పరారుణ (ఇన్ఫ్రారెడ్) కిరణాల ద్వారా మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో చెబుతుంది. మబ్బు ఎంత ఎత్తుకు ఎదిగితే దాని కొన అంత చల్లబడుతుంది కనుక, ఉష్ణోగ్రత 235 కెల్విన్ల కంటే, అంటే సుమారు మైనస్ 38 డిగ్రీల కంటే తక్కువగా ఉన్న చోట గంటకు 3 మిల్లీమీటర్ల వాన పడుతున్నట్టు లెక్కగట్టే పద్ధతి ఒకటి చాలాకాలం వాడుకలో ఉంది. విశాల ప్రాంతానికి, నెల సగటుకు అది పనికొచ్చింది. కానీ ఉరుముల మబ్బు పైనుంచి పక్కలకు పరుచుకునే పలుచని మంచు పొర వాన కురిపించకపోయినా చల్లగానే ఉంటుంది. కొండలను ఒరుసుకుని కురిసే పొట్టి మబ్బు కుండపోతగా కురిసినా ఈ లెక్కకు అందదు.

మబ్బు లోపలి మంచు రేణువులను, నీటి బిందువులను గుర్తించగల సూక్ష్మతరంగాలు (మైక్రోవేవ్‌లు) ఈ చిక్కును కొంత విప్పాయి. 1997 నవంబరులో అమెరికా, జపాన్ కలిసి పంపిన టీఆర్‌ఎంఎం అనే ఉపగ్రహం అంతరిక్షం నుంచి వానను కొలిచే మొదటి రాడార్‌ను మోసుకెళ్లింది. 2011లో ఇస్రో ఫ్రాన్స్‌తో కలిసి మేఘా-ట్రోపిక్స్‌ను ప్రయోగించింది. 2014 నుంచి జీపీఎం అనే అంతర్జాతీయ ఉపగ్రహ కార్యక్రమం పలు ఉపగ్రహాల కొలతలను కలిపి, అరగంటకొకసారి, సుమారు 10 కిలోమీటర్ల గడులుగా వాన లెక్కలు అందించడానికి ఆధారమైంది.

అక్కడే బెజవాడ చిక్కు తెలుస్తుంది. ఆ లెక్కల్లో అన్నిటికంటే త్వరగా వచ్చేది కూడా వాన పడిన సుమారు 4 గంటలకు గాని అందదు. ఎగువ నుంచి దూరం నడిచివచ్చే కృష్ణ వరదకు ఆ ఆలస్యం పెద్ద ఇబ్బంది కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, నీటిని గేట్లతో అదుపు చేసే వెలగలేరు రెగ్యులేటర్ దాటి, ఊరిని ఒరుసుకుంటూ కొల్లేరుకు పోయే బుడమేరుకు మాత్రం ఆ గంటలే కీలకం. ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ తరచుగా చిత్రాలు పంపుతున్నా, వాటి పరారుణ దృష్టికి మబ్బు కొనే కనిపిస్తుంది. మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్ మబ్బు లోపలికి చూడగలదు. దాని కొలతలను సరిచూడటానికి నేల మీద వర్షమాపకాలు కావాలి. రోజుకొకసారి, ఉదయం 8.30కు చదివే వర్షమాపకం రాత్రికి రాత్రే పొంగే వాగు విషయంలో అక్కరకు రాదు. మైలవరం కొండల్లో ఎప్పటికప్పుడు లెక్క పంపే వర్షమాపకాలనూ, వెలగలేరు నీటిమట్టాన్నీ రాడార్, ఉపగ్రహ చిత్రాల పక్కన పెట్టి ఒకేచోట చదివే ఏర్పాటు ఉంటేనే సింగ్‌నగర్ వాసులకు ఇల్లు వదిలి వెళ్లేంత వ్యవధి దొరుకుతుంది.